లాప్పు కొండ మీద ఎర్ర ఊలు

మా బావ హెయ్కాకి ఒక జబ్బుంది. ఎవరూ అడగకుండా సాయం చేస్తాడు. పక్కవాళ్ళ మంచుబండి మొరాయిస్తే బాగుచేస్తానని విప్పుతాడు. ఆ తర్వాత వాళ్ళు మంచు కరిగేదాకా స్కీల మీదే తిరుగుతారు. మా అక్క రవ్నా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ జబ్బుతో కాపురం చేస్తోంది. నేను ఆమె తమ్ముణ్ణి, సమ్మోల్‌ని. పెళ్ళీ పెటాకులూ లేవు కనక నా నాలుగు రెయిన్‌డీర్లనీ వాళ్ళ మందలో కలిపేసి, వాళ్ళ పొయ్యి దగ్గరే కాఫీ తాగుతూ ఈ వినోదం చూస్తూ ఉంటాను. అయితే ఆ ఏడు మార్చిలో జరిగిన దాంట్లో నా చెయ్యి కూడా ఉంది. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే నాకు తేలిక.

ఆ జనవరిలో వాన పడింది. ఈ ఉత్తరపు కొసన మాకు జనవరిలో వాన అంటే పిడుగు కన్నా చెడ్డది. తడిసిన మంచు మర్నాటికల్లా రాయిలా గడ్డకట్టింది. రెయిన్‌డీర్లు గిట్టలరిగేలా తవ్వినా కింద ఉన్న తెల్లనాచు అందలేదు. శీతాకాలమంతా వాటికి అదే అన్నం. అన్నానికి తాళం పడింది. అలాంటి ఏడు మందకి ఉన్న దిక్కు లాప్పు ఒక్కటే. ముసలి స్ప్రూస్ చెట్ల కొమ్మల నుంచి నల్లటి గడ్డంలా వేళ్ళాడుతుందే, అది. ఏడాదికి గోరంత సాగుతుందో లేదో. మూరెడు గడ్డం రావాలంటే చెట్టుకి నూరేళ్ళు దాటాలి. కొట్టేసి మళ్ళీ నాటిన అడవుల్లో ఎంత వెతికినా పోచ దొరకదు.

మా వైపు అలాంటి ముసలి అడవి లాప్పు కొండ ఒక్కటే మిగిలింది. దాన్ని వచ్చే వేసవిలో నరుకుతామని కాగితం వచ్చింది. ఒక్క మినహాయింపు ఇచ్చారు. కొలతలు తీసే మనిషి వచ్చి చూస్తుంది. ఇది నిజంగా ముసలి అడవేనని, మంద నిజంగా దీని మీదే బతుకుతోందని ఆమె రాస్తే ఆపుతారు. రెండూ రాయాలి. ఒకటి తగ్గినా రంపాలొస్తాయి.

"కొండ పోతే మందని అమ్మేసి, ఊళ్ళో ఎవరింట్లోనో నేల తుడుచుకుంటూ బతకాలి" అంది అక్క, కాగితం మడుస్తూ. ఒక్కసారే అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మందని కొత్తవాళ్ళ కంట పడకుండా కొండ ఆవలి పక్కకి తోలేసి, నన్నూ బావనీ కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ అమ్మాయి వచ్చినప్పుడు మీరిద్దరూ కాఫీ కాయండి. నోరు మూసుకోండి. అంతకు మించి ఏ సాయమూ చెయ్యొద్దు. ఏమయ్యా, వినబడిందా?"

"వినబడింది" అన్నాడు బావ. వినబడటం వేరు, ఎక్కడం వేరు.

ఆమె రావడానికి ముందురోజు పొద్దున్నే బావ అంగడికి వెళ్ళి పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"ఒరేయ్ సమ్మోల్, కొంప మునిగిందిరా!"

"మంచింకా కరగలేదుగా బావా. మునగడానికి చాలా టైముంది."

"నీ వెటకారం తగలెయ్య. కొలతలమ్మాయి ముందుగా ఏం చూస్తుందో తెలుసా? చెట్టు మొదలు నుంచి మనిషి చెయ్యెత్తితే అందేంత ఎత్తు వరకూ చూస్తుందట. కిందటేడు పక్క ఊరి అడవిలో అదే చూసిందట. మన కొండమీద చేతికందే ఎత్తులో ఏముందిరా?"

ఏమీ లేదు. ఎలా ఉంటుంది? ప్రతి శీతాకాలం మంద ఆ చెట్ల కింద మెడలు సాచి, మూతికి అందినదంతా మేసేస్తుంది. అక్కణ్ణుంచి పైకి గడ్డమే గడ్డం. అక్కణ్ణుంచి కిందికి ఉత్త కొమ్మలు. కొండంతా ప్రతి చెట్టుకీ ఒకే ఎత్తులో, తాడు పట్టి గీసినట్టు గీత. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని చూస్తూనే ఉన్నాం. అందుకే అది మా కళ్ళకి ఆనడం మానేసింది.

"అయితే ఏం చేద్దామంటావ్?"

"కడదాం."

"ఏంటి కట్టేది?"

"లాప్పురా. కంచె అవతల గాలికి పడిపోయిన చెట్లున్నాయి కదా. రెండు గోతాలు ఏరుకొచ్చి, దారి పక్కన ఓ ఇరవై చెట్లకి కింద కొమ్మలకి కడదాం. అమ్మాయి చూస్తుంది, మురుస్తుంది, రాస్తుంది, పోతుంది."

నేను వద్దనాలి. అన్నాను కూడా, ఒకసారి, మెల్లగా. కానీ అక్క నేల తుడవడం గురించి అన్న మాట నన్ను వదల్లేదు. గోతాం అందుకున్నాను.

పొద్దు వాలేదాకా కట్టాం. యాభై దాటిన ఇద్దరు మగాళ్ళు, చెట్లకి గడ్డాలు అంటిస్తూ. గాలి ఒకపక్క ఊడబెరుకుతుంటే బావ జేబులోంచి ఎర్ర ఊలు ఉండ తీశాడు.

"బావా, అది అక్క ఊలు కదా? మనవరాలి నడికట్టుకి దాచింది?"

"కొంచెమేలే. లోపలికంటా కడితే కనబడదు."

మా బావది మంద కాసే చెయ్యి కాదు, పెళ్ళిపందిరి వేసే చెయ్యి. కుచ్చుకీ కుచ్చుకీ మధ్య జానెడు ఎడం ఉండాలన్నాడు. ఒక చెట్టుకి వెనక్కి వెళ్ళి నిలబడి చూసి, నచ్చక, మొత్తం విప్పి మళ్ళీ కట్టాడు. ఇంకో చెట్టుకి పాపిట కూడా తీశాడు.

మర్నాడు కొలతలమ్మాయి వచ్చింది. పేరు ఒనెర్వ. దక్షిణాది పిల్ల. పొట్టి, కళ్ళద్దాలు సీసా అడుగుల్లా ఉన్నాయి, మెడలో ఒక భూతద్దం, సంచీలో చిన్న చిన్న సీసాలు. బండి దిగగానే మాకు నమస్కారం పెట్టకుండా అక్కడున్న మొద్దు ముందు మోకాళ్ళ మీద కూలబడి, దాని మీది నాచుతో మాట్లాడటం మొదలుపెట్టింది. అక్కకి ఆ పిల్ల అప్పుడే నచ్చేసింది.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, మా అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్క వేసిచ్చాం. తాగి, ఫారం తీసి, మర్యాదగానే అడిగింది.

"ఈ కొండ మీద మేసే మీ మంద ఎంతండీ?"

ముగ్గురం ఎవరి కప్పులోకి వాళ్ళం చూసుకున్నాం. మాలో మంద ఎంత అని అడగడమంటే, పెళ్ళిలో నలుగురి మధ్య నిలబడి నీకు బ్యాంకులో ఎంతుందని అరవడమే. మా తాతల నాటి నుంచీ దానికి ఒకటే జవాబు. అక్క అదే చెప్పింది.

"చెట్టుకి అటు కొన్ని, ఇటు కొన్ని."

ఇంకేమీ రాదని తెలిశాక ఒనెర్వ కలం మూసి, ఆ గడి ఖాళీగా వదిలేసింది. పాపం, ఆ లెక్క బావకే తెలియదు. బావ పశువులకి బావ కత్తితో కోసిన చెవిగుర్తు, అక్క పశువులకి అక్క చెవిగుర్తు. అక్కవి ఎన్నని ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాడు. "నీ నోట్లో నువ్వుగింజ నానదు, నీకెందుకు?" అంటుంది అక్క.

అందరం అడవిలోకి బయల్దేరాం. దారి మొదట్లో ఒక ముసలి చెట్టు బోదెకి అతుక్కున్న బూడిదరంగు పొరని ఒనెర్వ గోటితో గీకి నాలిక మీద వేసుకుంది.

"ఆకలేస్తోందా అమ్మాయ్? ఎండుమాంసం ఉంది" అన్నాడు బావ కంగారుగా.

"లేదండీ. చేదుగా ఉంటే ఒక రకం, లేకపోతే ఇంకో రకం. చేదుగానే ఉంది!" అంది, మిఠాయి తిన్నదానిలా వెలిగిపోతూ. "ఇది మొక్క కాదు తెలుసా? మీ లాప్పు కూడా అంతే. ఒక బూజూ ఒక పాచీ కలిసి పెట్టిన కాపురం. బూజు ఇల్లు కడుతుంది. పాచి ఎండ పట్టుకుని వంట చేస్తుంది. ఒకటి లేకపోతే ఇంకోటి బతకదు."

"అయితే బూజు మా ఆయనే" అంది అక్క.

"అవును మరి, ఇల్లు కట్టింది నేనేగా" అన్నాడు బావ ఛాతీ విరిచి.

"కట్టావు. తలుపు పెట్టడం మర్చిపోయి."

ఒనెర్వ పకపకా నవ్వింది. బావ నన్ను మోచేత్తో పొడిచాడు, చూశావా పని అయిపోయినట్టే అని. ఇంకో నాలుగడుగులు వేసి మలుపు తిరిగితే మా ఇరవై చెట్లు.

ఒనెర్వ నవ్వు ఆగిపోయింది. మొదటి చెట్టుని పైనించి కిందికి చూసింది. రెండోదాన్ని చూసింది. పాపిట తీసిన చెట్టుని మరీ ఎక్కువసేపు చూసింది. కళ్ళద్దాలు ఆవిరి పట్టాయి, తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇక్కడికి మంద రాదు కదా?" అంది.

"రాకపోవడమేంటి! రోజూ వస్తుంది" అన్నాడు బావ.

"రోజూ వస్తే ఇది మిగలదండీ. ఇంత బారు గడ్డం మూతికందే ఎత్తులో ఉందంటే, మనం పుట్టకముందు నుంచీ ఈ చెట్ల కిందికి ఒక్క రెయిన్‌డీర్ కూడా రాలేదన్నమాట. నేను చేతికందే ఎత్తులో చూసేది ఖాళీ కోసం. కింద ఖాళీ, పైన గడ్డం, మధ్యలో గీత. ఆ గీత మంద పెట్టిన సంతకం. అది చూడగానే ఒక గడి నింపేస్తాను." నిట్టూర్చి పెన్సిలు తీసింది. "అడవి ముసలిదే, అందులో అనుమానం లేదు. కానీ మంద దీని మీద బతుకుతోందని ఎలా రాయను?"

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. మేం ఇంట్లో పడుకుని ఉంటే సరిపోయేది. పొద్దస్తమానం చలిలో నిలబడి, మా చేతుల్తో మేమే మంద సంతకాన్ని చెరిపేశాం.

అక్క చెట్టుని చూసింది. కుచ్చు లోపల ఎర్రగా ఏదో కనబడింది. బావని చూసింది. తర్వాత నన్ను చూసింది. మా అక్క అరిచే మనిషి కాదు. అరిచినా బాగుండేది. తేలు కుట్టిన దొంగల్లా ఇద్దరం మంచులోకి చూస్తూ నిలబడ్డాం. నాకు యాభై మూడేళ్ళు. ఆ క్షణాన ఏడేళ్ళు అనిపించింది.

ఒనెర్వ భూతద్దం పట్టుకుని కుచ్చు దగ్గరికి వెళ్ళబోతోంది.

"అమ్మాయ్, ఒక్క నిమిషం ఆగు" అంది అక్క. "ఒరేయ్ సమ్మోల్, గొడ్డలి తీసుకుని ఆ ఎండుచెట్టు మీద కొట్టు. గట్టిగా."

తాళం పడ్డ శీతాకాలాల్లో మందని బతికించడానికి గాలికి ఒరిగిన చెట్టునో ఎండుతున్న చెట్టునో పడగొట్టి లాప్పు అందిస్తాం. అందుకని గొడ్డలి చప్పుడంటే మా మందకి భోజనం గంట. నేను కొట్టాను. టక్, టక్, టక్. ఆ చప్పుడు కొండంతా తిరిగొచ్చింది. ఆగాను. ఏమీ లేదు. మళ్ళీ కొట్టాను. మంద మరీ దూరం పోయి ఉంటే? ఆకలికి అసలు లేవలేకపోతే?

ముందు ముజెత్ మెడగంట వినబడింది. ముజెత్ మా మందలో అందరికన్నా ముసలిది, నల్లటి ఎద్దు, దానికి సిగ్గూ భయమూ ఎప్పుడో పోయాయి. దాని వెనక ఇంకోటి, ఇంకో పది, ఆ తర్వాత చెట్ల సందుల్లోంచి మందంతా వచ్చింది. అడుగడుక్కీ మడమలు టిక్కు టిక్కుమంటూ, బక్కచిక్కి, డొక్కలు కనబడుతూ వచ్చాయి. ఏరు రాయిని చుట్టినట్టు ఒనెర్వని చుట్టి దాటిపోయాయి. ఆమె పెన్సిలు పైకెత్తి అలాగే నిలబడిపోయింది. పోసిన కాఫీ చల్లారేలోగా ఇరవై చెట్లూ నున్నగా అయిపోయాయి. బావ తీసిన పాపిట ఒక్క పట్టుకి పోయింది. బావ మూలిగాడు.

ఎక్కడ ఉండాల్సిన గీత అక్కడికి వచ్చేసింది.

"చూశావా అమ్మాయ్" అన్నాడు బావ, ప్రాణం లేచొచ్చి. "నేను చెప్పలా, రోజూ..."

ముజెత్ నెమరేస్తూ తిన్నగా ఒనెర్వ ముందుకొచ్చి నిలబడింది. దాని మూతి పక్కనుంచి ఎర్ర ఊలు వేళ్ళాడుతోంది. ఒనెర్వ కొస పట్టుకుని మెల్లగా లాగింది. వచ్చింది. ఇంకా వచ్చింది. బారెడు ఊలు, చివర ఒక ముడి. మా బావ ముళ్ళు గట్టివి. ఆమె తలెత్తి చుట్టూ చూసింది. ఇరవై చెట్ల మీద, ఖాళీ కొమ్మలకి, జానెడు ఎడంతో వరసగా ఎర్రటి ఊలు ముక్కలు.

బావ టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు. ముజెత్ మాత్రం ఆమె ఊలు తిరిగిస్తుందేమోనని ఎదురుచూసింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. కాలు కడిగే పని అక్క మీద పడింది.

"కట్టింది నా మొగుడూ, నా తమ్ముడూ" అంది. "నాకు తెలియదు. కానీ కట్టింది నా కోసమే. తప్పు నా ఇంటిది."

"అక్కా, నేను వద్దని..." అన్నాను.

"నువ్వు నోరుముయ్."

ఒనెర్వ ఊలుని వేలికి చుట్టుకుంటూ అంది. "మీరు ఏమీ కట్టకపోతే మొదటి చెట్టు దగ్గరే రెండు గడులూ నింపేసి రెండో కాఫీకి వచ్చేసేదాన్నండీ. ఇప్పుడు నేనేం చెయ్యాలి? లాప్పు కట్టారని రాస్తే ఫైలు ఇవాళే మూసేస్తారు. రాయకపోతే నేను అబద్ధం రాసినట్టు. నేను చెట్ల గురించి ఇంతవరకూ ఒక్క అబద్ధం రాయలేదు."

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే దిక్కుతోచక అడిగింది. అందుకే మాకు ఇంకా సిగ్గేసింది.

అక్క చాలాసేపు మందని చూసింది. తర్వాత ఒనెర్వ మోచెయ్యి పట్టుకుని, ఒక పెద్ద స్ప్రూస్ వెనక్కి తీసుకెళ్ళి, చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది. రెండు మాటలో, మూడు మాటలో. మంద లెక్క చెబుతోందని బావకి అర్థమైంది. మెడ ఎంత సాచాడంటే, ఇంకాస్త సాచి ఉంటే గీత పైనున్న లాప్పు కూడా అందేది. వినబడలేదు.

"నేను మళ్ళీ అడగలేదు కదండీ. ఎందుకు చెప్పారు?" అని ఒనెర్వ అనడం మాత్రం విన్నాం.

"మావాళ్ళు నీకు అబద్ధం చూపించారు" అంది అక్క. "దానికి బదులు నా దగ్గర ఉన్నవాటిలోకెల్లా పెద్ద నిజం ఇచ్చాను. మా అమ్మకి కూడా చెప్పలేదు అది. ఇక నీ ఇష్టం."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చలిగాలి అని చెప్పుకున్నాను. బావ కళ్ళల్లోనూ తిరిగాయి. అతను ఏమీ చెప్పుకోలేదు.

ఒనెర్వ ఆ రోజు వెళ్ళలేదు. మా ఇంట్లోనే రెండు రోజులుండి, మా చెయ్యి పడని ఆవలి పక్కకి వెళ్ళి నలభై చెట్లు కొలిచింది. మా ఇరవై చెట్లనీ లెక్కలోంచి తీసేశానని మా మొహం మీదే చెప్పింది. గొడ్డలి చప్పుడికి మంద వచ్చిన సంగతి, తిన్న సంగతి, కళ్ళతో చూసింది చూసినట్టు రాసుకుంది. ఆ రెండు రోజులూ బావని అక్క ఇంటి గడప దాటనివ్వలేదు. పని లేకుండా కూర్చోబెట్టలేదు లెండి. చెట్ల మీంచి నేను విప్పుకొచ్చిన ఊలు ముక్కలన్నీ కొసకి కొస కలిపి ముడివేయించింది.

జూన్‌లో, దోమలు మొదలై, దూడలకి చెవిగుర్తులు పెడుతున్న వేళ, కవరు వచ్చింది. పైకాగితం నేను చదివాను. లాప్పు కొండని నరకరు. మళ్ళీ చదివాను, అప్పటికీ అదే ఉంది. అక్క కత్తి పక్కన పెట్టి, గడ్డిలో కూర్చుండిపోయి, రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. నేను అరిచిన అరుపుకి దూడలు బెదిరి కంచెకి గుద్దుకున్నాయి.

బావకి పైకాగితం పట్టలేదు. కింద ఉన్న నివేదిక లాక్కుని, నాలిక తడుపుకుంటూ పేజీలు తిప్పాడు. మంద ఎంత అన్న గడి దొరికింది. అక్కడే ఆగిపోయాడు.

"ఎంత బావా?"

"చెట్టుకి అటు కొన్ని, ఇటు కొన్ని" అని చదివాడు, ఏడుపు గొంతుతో.

అక్క మొహం మీంచి చేతులు తీసింది. కాగితం తీసుకుని ఆ గడి మీద వేలు పెట్టి చూసింది.

"నా మాట గుట్టుగా దాచిన మొదటి మనిషి" అంది.

"నన్నెప్పుడైనా దాచనిచ్చావా?" అన్నాడు బావ.

వేళాకోళానికే అని ఉంటాడు. కానీ గొంతు అలా రాలేదు. అక్క అతని కేసి కాసేపు చూసింది, ఆ ఇరవై చెట్లని చూసినట్టే. అప్పుడు లేచి, దూడలన్నిటి ముందూ, నా ముందూ, అతని చెవి దగ్గరికి వంగి ఏదో చెప్పింది.

మూడేళ్ళయింది. మా బావ ఇప్పటికీ పక్కవాళ్ళ మంచుబండ్లు విప్పుతూనే ఉన్నాడు. ఆ లెక్క మాత్రం నాకు చెప్పలేదు. తాగించి చూశాను, తిట్టి చూశాను, ముజెత్ మీద ఒట్టు పెట్టి చూశాను. అడిగినప్పుడల్లా గొప్పగా మీసం మీద చెయ్యి వేసి, దగ్గర్లో ఏ చెట్టుంటే ఆ చెట్టు చూపిస్తాడు.